మీరాబీ ఆకలి

నేను గుంటూరులో ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల డాక్టరుగా పనిచేశాను. పని మానేసిన రోజున ఆసుపత్రిలో నాకు శాలువా కప్పారు. నా చేతుల్లో బతికి బట్టకట్టిన పిల్లల గురించి మాట్లాడారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ అవన్నీ వింటూ కూర్చున్నంతసేపూ నాకు ఒక పాపే గుర్తొస్తూ ఉంది. ఆ పాప పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పిల్లల వైద్యంలోకి కొత్తగా వస్తున్న మీకు నా అనుభవాలు రాసిపెట్టమని అడిగారు. మంచి జరిగిన కేసులు మీకూ ఎన్నో వస్తాయి, వాటి గురించి మీరే చెప్పుకుంటారు. నేను ఆ పాప విషయంలో దాదాపు పదేళ్ళపాటు ఏం చేశానో రాస్తాను. ఇక్కడ ఆమెను మీరాబీ అని పిలుస్తాను. అసలు పేరు వేరు.

రిజిస్టరులో ఒక మాట

తొంభైల చివర్లో, మిరప కోతల రోజుల్లో మీరాబీ పుట్టింది. నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలోనే కాన్పు. తల్లి మస్తానమ్మకు తొలిచూలు. పుట్టిల్లు గుంటూరు. పెళ్ళికి ముందు మిర్చి గోడౌన్లలో కాయలకు ముచ్చికలు తీసే పనికి వెళ్ళేది. అత్తవారిది పర్చూరు దగ్గర ఒక పల్లె. భర్త సైదులు దూది ఏకి పరుపులు కుట్టేవాడు.

పాప ఏడ్చింది, రంగు బాగుంది, బరువు బాగుంది. రెండు చేతులకూ చిటికెన వేలి పక్కన ఇంకో చిన్న వేలు వేలాడుతోంది. ఎముక లేదు, సన్నటి తొడిమకు అంటుకుని ఉన్న మెత్తటి ముక్క. అలాంటివి నేను చాలా చూశాను. నర్సును సిల్కు దారం అడిగి, రెండు వేళ్ళకూ మొదలు దగ్గర గట్టిగా బిగించి కట్టాను. రక్తం అందక అవి వారం రోజుల్లో ఎండి రాలిపోతాయి. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్ళం.

మంచం మీద నీరసంగా పడుకున్న మస్తానమ్మ తల తిప్పి చూసింది.

"డాక్టరమ్మగారూ, చేతి ఏళ్ళు ఆరారు ఉన్నాయి గదా. లోపల ఇంకేమన్నా తేడా ఉంటదా అండీ?"

"ఏం ఉండదమ్మా. ఉత్త చర్మం ముక్క. వారంలో రాలిపోతుంది" అన్నాను.

ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, బడి ముఖం పెద్దగా ఎరగని పిల్ల, ఆ పూట ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అడిగింది. నేను దానికి జవాబు చెప్పేశాను గానీ దాని గురించి ఆలోచించలేదు. బయటికొచ్చి రిజిస్టరులో "నార్మల్" అని రాశాను. ఆరో వేళ్ళ సంగతి రాయలేదు. దారం కట్టిన సంగతీ రాయలేదు. నిమిషంలో అయిపోయిన పనికి రాతలేమిటి అనుకున్నాను.

భార్యాభర్తలకు దగ్గర చుట్టరికం ఉందా అని కూడా అడగలేదు. ఉంది. సైదులు ఆమెకు మేనత్త కొడుకే. నేనే మేనమామ కొడుకును చేసుకున్నదాన్ని. మా వైపు సగం ఇళ్ళలో అవే పెళ్ళిళ్ళు. రోజూ కళ్ళెదుట ఉండే విషయం గనక అది అడిగి తెలుసుకోవాల్సిన సంగతిలా నాకు కనబడలేదు.

పెద్ద డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నది

మా ఆసుపత్రి యజమాని, నాకు పని నేర్పిన మనిషి, డాక్టర్ రాఘవయ్యగారు. చేయి మంచిదని చుట్టుపక్కల పేరు. ఒక్క ఉదయంలో ఎంతమందినైనా చూసి పంపేవారు. పిల్లాడు గుమ్మం దాటి లోపలికొచ్చేలోపే జబ్బు చెప్పేవారు, అది చాలాసార్లు నిజమయ్యేది కూడా. నేను మొదట్లో తల్లులు చెప్పేదంతా వింటూ కూర్చునేదాన్ని.

"ఏమ్మా, ఆమె అత్తగారి కథంతా విని ఏం చేస్తావు? తల్లి చెప్పేదాంట్లో సగం భయం, సగం గారాబం. బిడ్డను చూడు, తల్లిని వదిలెయ్. లేకపోతే నీ ఓపీ తెల్లారదు" అన్నారు ఒకరోజు.

తెల్లారేలా చేయడం నేర్చుకున్నాను. తల్లి రెండో వాక్యం మొదలుపెట్టేలోపు మందు రాయడం నాకు అలవాటైంది. అది నైపుణ్యం అనుకున్నాను. తప్పంతా ఆయన మీదికి నెట్టి తప్పించుకుందామని ఈ మాట రాయడం లేదు. ఆయన ఒక్కసారే చెప్పారు. పాతికేళ్ళు దాన్ని పాటించింది నేను.

తాళం

మీరాబీకి మూడేళ్ళ వయసులో మస్తానమ్మ ఆమెను చంకనేసుకుని పర్చూరు నుంచి బస్సులో వచ్చింది. చంకలో మోయగలిగే పిల్ల కాదు. మూడేళ్ళకే ఆరేళ్ళ పిల్ల బరువుంది. బుగ్గలు, పొట్ట, మణికట్టు దగ్గర మడతలు. ఆ రోజు గది నిండా జనం. బల్ల మీద, గోడ వారన, గుమ్మం దగ్గర తల్లులు నిలబడి ఉన్నారు.

"ఎంత పెట్టినా ఇంకా ఆకలంటదండీ. తిని చెయ్యి కడుక్కోకముందే మళ్ళీ అన్నం అంటది. పచ్చడి పాసిపోయి కంపు కొడతన్నా తినేస్తదండీ, దానికి వాసన తెలవదు" అంది మస్తానమ్మ.

నేను పిల్లను తూకం మీద నిలబెట్టి, ముల్లు చూసి, గదంతా వినబడేలా అన్నాను.

"వాసన తెలియకపోవడం కాదు. తిండిపోతుతనం. ఇంతింత ముద్దలు కుక్కి పెడితే లావెక్కక ఏమవుతుంది? పిల్లను పెంచుతున్నావా, గేదెను మేపుతున్నావా?"

గదిలో నవ్వారు. బల్ల మీద కూర్చున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అందరూ నవ్వుతున్నారని మీరాబీ కూడా నవ్వింది. మస్తానమ్మ ఒక్కతే నవ్వలేదు. తల వంచుకుని పిల్ల గౌను సర్దింది.

పూటకు ఇంతే పెట్టాలని చీటీ రాసిచ్చాను. "ఏడిస్తే ఏడవనివ్వు. వంటింటికి తాళం వెయ్యి" అన్నాను.

తాళం వేసింది. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు గొంతు తగ్గించి చెప్పింది.

"పక్కింటోళ్ళ గేదెకి పెట్టిన తెలగపిండి తిందండీ. గాబు కాడ కూచుని రెండు చేతులతో తింటా ఉంది. ఊరంతా జూశారు. సిగ్గేసి కొట్టానండీ. బాగా కొట్టాను."

"కొడితేగాని మాట వినరు కొందరు" అన్నాను.

పొరపాటుగా రోగం గుర్తించలేకపోవడం వేరు. ఆమెకున్నది ఒక జబ్బని చాలా తర్వాత తేలింది. అది అరుదైనది, చాలామంది డాక్టర్లు జీవితంలో ఒక్కసారి కూడా చూడరు. దాన్ని పట్టుకోలేనందుకు నన్ను నేను క్షమించుకోగలను. పసిపిల్ల పశువుల మేత తింటోందని తల్లి వచ్చి చెబుతుంటే, ఒక పిల్ల అలా ఎందుకు చేస్తుంది అన్న ప్రశ్న నాకు రాలేదు. ఆకలేస్తేనే కదా ఎవరైనా తినేది! ఆ చిన్న సంగతి తట్టకపోవడాన్ని క్షమించుకోలేను.

సందేళప్పుడు

బడిలో వేశాక మీరాబీ అక్షరాలు ఆలస్యంగా పట్టుకుంది. మాట నిదానం. మస్తానమ్మ ఈసారి ఇంకో సంగతి చెప్పింది.

"సందేళ అయ్యేసరికి గోడలకి గుద్దుకుంటా ఉందండీ. మంచం కోడు తగిలి పడిపోద్ది. పగలు బానే నడుస్తది."

రేచీకటి అన్నాను. విటమిన్ ఎ మందు పోయించాను. ఆరు నెలలకు మళ్ళీ వచ్చింది, తగ్గలేదంది. మళ్ళీ పోయించాను. మూడోసారి వచ్చినప్పుడు కూడా అదే మందు రాశాను. బాగా తిండి తినే పిల్లకు విటమిన్ లోపం ఎలా వస్తుంది? నేనే తిండిపోతు అన్నాను, నేనే తిండిలోపం అన్నాను. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పి, రెంటికీ పొంతన లేదని గమనించలేదు.

నీళ్ళు ఎక్కువ తాగుతోందని, రాత్రుళ్ళు నాలుగైదుసార్లు ఒంటేలుకు లేస్తోందని కూడా చెప్పింది. షుగరు చూశాను. లేదు. "అయితే ఏం లేదు" అన్నాను. షుగరు లేకపోతే ఇంకేముందో చూడాలి గదా. చూడలేదు.

ఇంతలో మస్తానమ్మ రెండోసారి గర్భవతి అయింది. భయంగా వచ్చింది.

"మళ్ళీ ఇట్టాగే పుడితే ఏం జేయాలండీ?"

"లావు పుట్టుకతో వస్తుందా? నువ్వు పెట్టిన తిండితో వచ్చింది. నిశ్చింతగా కను. దీనికి తోడుంటుంది" అన్నాను.

కొడుకు పుట్టాడు. ఖాసిం అని పేరు పెట్టారు. అన్నీ అయిదేసి వేళ్ళు, ఏ లోపమూ లేదు. నా మాటే నిజమైందని మస్తానమ్మ సంతోషపడింది, నేనూ మనసులో గర్వపడ్డాను. తర్వాత తెలిసింది, ఆ దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ జబ్బు వచ్చే అవకాశం ఉందని. ఖాసిం అదృష్టవంతుడు. నా సలహాతో దానికి సంబంధం లేదు. తెలియక ఇచ్చిన సలహా కలిసివస్తే అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. తప్పు చేశామని ఎవరూ చెప్పరు, మనకూ తెలియదు, ధీమా మాత్రం పెరుగుతుంది.

ఒకే కుండలో అన్నం

ఖాసింకు రెండేళ్ళు దాటాక మస్తానమ్మ ఇద్దరినీ తీసుకుని వచ్చింది. వాడికి జలుబు. వాడు సన్నగా, చీపురుపుల్లలా ఉన్నాడు. పక్కన మీరాబీ ఆయాసపడుతూ నిలబడింది. నేను వాడి ఛాతీ చూసి మందు రాసేశాను. ఆమె కదల్లేదు.

"డాక్టరమ్మగారూ, ఒక మాట."

"చెప్పు, త్వరగా చెప్పు."

"ఇద్దరికీ ఒకే కుండలో అన్నం పెడతన్నానండీ. నిజం జెప్పాలంటే ఈడికే ఎక్కువ పెడతన్నా, మీరు చెప్పినట్టు దానికి తక్కువ పెడతన్నా. ఈడేమో ఎముకలు లెక్కబెట్టొచ్చు. అదేమో అట్టా ఊరతా ఉంది. తిండి వల్లయితే ఇద్దరూ ఒక తీరున ఉండాలి గదండీ?"

పెద్ద చదువులు చదివి, పరిశోధన చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి పడే కష్టం అది. ఒకే ఇల్లు, ఒకే కుండ, ఒకే చేయి, ఇద్దరు పిల్లలు. ఆమె పోల్చి చూసి, తేడా పట్టుకుని, నా ముందుకు తెచ్చి పెట్టింది. ఇంతకంటే స్పష్టంగా ఏ తల్లి చెప్పగలదు?

"పిల్లలందరూ ఒకేలా ఉండరమ్మా" అని, "తర్వాత ఎవరు?" అని గుమ్మం వైపు చూశాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మీరాబీని నా దగ్గరికి తీసుకురాలేదు. నేను దాన్ని పట్టించుకోలేదు కూడా. రాని పేషెంటు గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఫోను

మీరాబీకి తొమ్మిదేళ్ళు వచ్చాక ఆమె చదివే బడిలో కళ్ళ పరీక్షలు జరిగాయి. చూసిన డాక్టరు మాధవి, ఒంగోలు నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి. బోర్డు కనబడక పిల్ల వెనకబడుతోందని పంతులు పంపాడట. మాధవి కంటిపాపల్లో మందు వేసి లోపలి పొర చూసింది. వెలుగును పట్టే పొర అంచుల నుంచి చచ్చిపోతూ వస్తోంది. అక్కడితో ఆగకుండా పిల్లను నిలబెట్టి తల నుంచి కాలి దాకా చూసింది. చిటికెన వేళ్ళ పక్కన ఉలవగింజంత బుడిపెలు రెండు కనబడ్డాయి. తల్లిని కూర్చోబెట్టి అడిగింది. మస్తానమ్మ చెప్పిందంతా వింది. తర్వాత నాకు ఫోను చేసింది.

"నమస్తే మేడమ్. మీరాబీ అని, మీ దగ్గరే పుట్టిన పాప. పుట్టినప్పుడు ఆరో వేళ్ళు ఉన్నాయని, మీరే దారం కట్టారని వాళ్ళమ్మ చెబుతోంది. మీ రికార్డులో ఉంటే చూసి చెప్తారా? జబ్బు పేరు పెట్టడానికి అది చాలా ముఖ్యం."

నాకు వెంటనే గుర్తొచ్చింది. సిల్కు దారం, మస్తానమ్మ ప్రశ్న, అన్నీ. పాత రిజిస్టరు తీయించి చూస్తానని చెప్పి, తీయించి చూశాను కూడా. నా చేతిరాతలో "నార్మల్" అని ఉంది.

మర్నాడు మాధవికి ఫోను చేసి, "రికార్డులో ఏమీ లేదమ్మా. నాకూ గుర్తు లేదు. వాళ్ళు ఏదో పొరపాటు పడి ఉంటారు" అన్నాను.

నా ముప్ఫై ఏళ్ళ పనిలో నేను కావాలని ఆడిన అబద్ధం ఇది. భయపడి ఆడాను. ఏం భయం అంటారా? కోర్టులూ కేసులూ కాదు. అంత చిన్న వయసు డాక్టరు ముందు తల తగ్గుతుందని. అంతే. దానికోసం ఒక తల్లిని అబద్ధాలకోరును చేశాను.

ఆ పిల్లకు జబ్బు పేరు తేలితే వెంటనే మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. పేరు తేలకుండా నేను అడ్డం పడ్డాను. మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల వల్ల మీరాబీకి ఎంత నష్టం జరిగిందో ఎవరూ చెప్పలేరు. మాధవిని తర్వాత అడిగితే, "పెద్ద తేడా ఉండకపోవచ్చు మేడమ్" అంది. ఆ జవాబులో దయ ఎంతో, నిజం ఎంతో నాకు తెలియదు.

కదలని శైలిక

మూడు వారాల తర్వాత మాధవి తనే గుంటూరు వచ్చింది. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక నా ఎదురుగా కూర్చుంది. చేతిలో కొన్ని కాగితాలు, కొత్తగా వచ్చిన వ్యాసాల జిరాక్సులు.

"మేడమ్, స్కూల్లో పారమీషియం బొమ్మ వేసి చుట్టూ శైలికలు గీసేవాళ్ళం, గుర్తుందా? అవి తెడ్లలా కదులుతాయి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ ఒకే ఒక్క శైలిక ఉంటుంది. అది కదలదు."

"చదివాం. ఎప్పుడో అవసరం తీరిపోయి మిగిలిన అవశేషం అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు" అన్నాను.

"ఇప్పుడు అలా అనడం లేదు మేడమ్. బయటి కబుర్లను కణం అందుకునేది దాంతోనే అంటున్నారు." నా చీటీల పుస్తకం తీసుకుని వెనక వైపు బొమ్మ గీయడం మొదలుపెట్టింది. గుండ్రటి కణం, దాని పైన ఒక సన్నటి వెంట్రుక. "గర్భంలో చేతికి ఎన్ని వేళ్ళు రావాలో చెప్పే సంకేతాన్ని కణాలు ఈ శైలిక దగ్గరే అందుకుంటాయి. అది సరిగా పనిచేయకపోతే వేళ్ళు ఎక్కువ రావచ్చు. కంట్లో వెలుగును పట్టే కణం ఉంది కదా, లోపల తయారైన సరుకు వెలుగు పట్టే భాగానికి చేరాలంటే శైలిక అనే ఈ సన్నటి మెడలోంచే పోవాలి. దారి మూసుకుపోతే కణం మెల్లగా చచ్చిపోతుంది. మూత్రపిండాల గొట్టాల్లో పారే ద్రవాన్ని పసిగట్టేది కూడా ఇదేనంటున్నారు. అక్కడ చెడితే నీటితిత్తులు వస్తాయి, మూత్రం చిక్కబడదు, అందుకే పిల్ల అన్ని నీళ్ళు తాగుతుంది. ముక్కులో వాసన పట్టే కణాలకూ శైలికలే ఉంటాయి."

వాసన అనగానే మస్తానమ్మ చెప్పిన పాసిపోయిన పచ్చడి గుర్తొచ్చింది.

"మరి ఆకలి?" అని అడిగాను.

"మెదడులో ఆకలిని అదుపు చేసే కణాలకు కూడా ఇది ఉంది మేడమ్. ఒంట్లో కొవ్వు తగినంత ఉంది, ఇక చాలు అని రావాల్సిన కబురు వాటికి సరిగా అందడం లేదని అనుకుంటున్నారు. ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ ఈ పిల్లలకు తిన్నా ఆకలి తీరదు. అది మాత్రం నిజం."

ఇద్దరు పాత వైద్యుల పేర్లు కలిపి పెట్టిన ఒక జబ్బు పేరు చెప్పింది. ఆ పేరు నేను చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టాను. వేళ్ళు, ఊబకాయం, రేచీకటి, చదువులో వెనకబాటు, మూత్రపిండాలు అని వరసగా అప్పజెప్పగలిగేదాన్ని. ఆ లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా బస్సెక్కి నా గదికి వచ్చాయి. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క చీటీ రాసి పంపించాను. మొదటి లక్షణాన్నయితే నా చేతులతో దారం కట్టి రాల్చేశాను.

మాధవి కాగితాలు సర్దుకుంటోంది. ఇంక ఆగలేకపోయాను.

"అమ్మా, వేళ్ళు ఉన్నాయి. నేనే కట్టాను. నాకు అప్పుడే గుర్తొచ్చింది. నీకు అబద్ధం చెప్పాను."

ఆమె నా వైపు చూసింది. తిట్టలేదు. "తెలుసు మేడమ్. బుడిపెలు ఉన్నాయి కదా" అంది. లేస్తూ, "వాళ్ళమ్మకు కూడా చెప్పండి. మీరు కాదన్నారని తెలిసి చాలా బాధపడింది" అంది.

పర్చూరు దగ్గర పల్లె

ఆ ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. ఇంటి ముందు పంచలో సైదులు కొత్త పరుపు కుడుతున్నాడు. నన్ను చూసి సూది పక్కన పెట్టి లేచాడు. గాలిలో దూది పింజలు ఎగురుతున్నాయి. మస్తానమ్మ కుర్చీ వేసింది. "కూచోండి" అంది గానీ ముఖంలో ఏమీ లేదు.

వచ్చిన పని చెప్పాను. వేళ్ళ గురించి ఆమె చెప్పిందే నిజమని, నేను అబద్ధమాడానని చెప్పాను. జబ్బు పుట్టుకతో వచ్చిందని, తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు లోపం కలిస్తేనే వస్తుందని, ఎవరి తప్పూ లేదని చెప్పాను. మెదడుకు 'చాలు' అన్న కబురు అందదని చెప్పాను.

మస్తానమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"అయితే దానికి నిజంగానే ఆకలేసేదా అండీ?"

"నిజంగానే వేసేదమ్మా."

"తెలగపిండి తిన్న రోజున కూడానా?"

"ఆ రోజు కూడా."

ఆమె గోడకు చేరగిలి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సైదులు వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

కళ్ళు తుడుచుకుని అడిగింది. "పోనీ, ఇప్పటి నుంచన్నా కడుపునిండా పెట్టొచ్చా?"

ఇన్నేళ్ళ తర్వాత ఆ తల్లికి ఒక్క మంచి మాట చెప్పే అవకాశం కూడా నాకు లేకపోయింది. "పెట్టకూడదమ్మా. బరువు పెరిగితే గుండెకూ, మూత్రపిండాలకూ ఇంకా కష్టం. కూరగాయలు ఎక్కువ, అన్నం తక్కువ, వేళకు పెట్టాలి. అడిగినప్పుడు కోప్పడకూడదు. దాని తప్పు కాదని దానికి తెలియాలి" అన్నాను. మొదటి రోజు రాసిచ్చిన చీటీకీ దీనికీ తిండి లెక్కలో పెద్ద తేడా లేదు. ఆ రోజే ఈ మాటలు ఈ రకంగా చెప్పి ఉంటే ఆ పిల్ల తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఏడ్చేది కాదు.

మీరాబీ అప్పుడే లోపలి నుంచి గోడ తడుముకుంటూ వచ్చింది. మస్తానమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని, "తప్పు నాదేనమ్మా, నాకు తెలవక కొట్టాను" అంది.

ఆ మాట అనాల్సింది నేను. అక్కడే, మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. వాళ్ళిచ్చిన టీ తాగి, బస్సు టైమైందని లేచాను.

తర్వాత జరిగింది

రక్త పరీక్షల్లో మీరాబీ మూత్రపిండాలు సగం పైగా దెబ్బతిన్నట్టు తేలింది. రక్తపోటు కూడా ఉంది. మందులు మొదలుపెట్టాం. నేను పనిలో ఉన్నంతకాలం డయాలసిస్ దాకా వెళ్ళకుండా నెట్టుకొచ్చాం. చూపు మాత్రం ఏటేటా తగ్గింది. మాధవి చొరవతో చూపులేని పిల్లల బడిలో చేరింది. అక్కడ చుక్కల అక్షరాలు వేళ్ళతో చదవడం నేర్చుకుంది. కళ్ళతో రాని చదువు వేళ్ళతో కొంచెం కొంచెం వచ్చింది. నేను ఆ రోజు నుంచి పుట్టిన ప్రతి బిడ్డ వేళ్ళూ లెక్కపెట్టి రాశాను, చుట్టరికం అడిగాను, తల్లి చెప్పడం ముగించేదాకా కలం ముట్టుకోలేదు. ఓపీ ఆలస్యమయ్యేది. రాఘవయ్యగారు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.

రిటైరవడానికి కొంచెం ముందు, సెలవులకు ఇంటికొచ్చిన మీరాబీని చూడ్డానికి మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. అప్పటికి పన్నెండేళ్ళది. పంచలో పరుపు మీద కూర్చుని ఉంది. మస్తానమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. పక్కన కూర్చుని రక్తపోటు చూశాను. అప్పుడు, చెప్పాల్సిన మాట చెప్పడం మొదలుపెట్టాను.

"మీరా, నీ చిన్నప్పుడు నేను నిన్ను అందరి ముందూ తిండిపోతు అన్నాను. గుర్తుందా?"

"లేదండీ" అంది. "మీరు బిళ్ళలు ఇచ్చేవోరు. చప్పరించేవి. మీరు మంచోరండీ. మా అమ్మే కొట్టేది, అన్నం అడిగితే."

నేను అన్న మాటల్లో ఒక్కటీ ఆమెకు గుర్తు లేదు. తల్లి చేతి దెబ్బలు మాత్రం గుర్తున్నాయి. తాళం వేయమన్నదాన్ని నేను, కొడితేగాని వినరన్నదాన్ని నేను. ఆ పిల్ల మనసులో నేను మంచిదాన్నై కూర్చున్నాను.

ఆ క్షణంలో ఊరుకుంటే నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఊరుకోవాలని కూడా అనిపించింది, దాచను.

"మీ అమ్మ నేను చెబితేనే కొట్టింది మీరా. తాళం వేయమన్నదీ నేనే. నీకు నిజంగా ఆకలేస్తోందని మీ అమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. నేను నమ్మలేదు."

మీరాబీ చూపు లేని కళ్ళు నా గొంతు వైపు తిప్పింది. తర్వాత పెరటి వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"అమ్మా! ఇట్రా. డాక్టరమ్మ ఏందో చెప్తన్నారు. నువ్వు గూడా ఇను."

మస్తానమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. మీరాబీ వెతుక్కుని తల్లి చేయి పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి" అంది నాతో.

మొదటి నుంచి మళ్ళీ చెప్పాను, ఇద్దరికీ.